కీర్తికి వెల, గురువునకు ఋణము

కాయకమునకు లభించు ప్రతిఫలము పవిత్రమని శివశరణుల సిద్ధాంతము. అయితే కాయకముచే వచ్చిన కీర్తిని మరల అమ్ముకొనుటయు కాయకమేనా? తీర్చిదిద్దిన గురువును విడిచి వేరొక గురువు నాశ్రయించుట ద్రోహమగునా? క్రీడలలో రాణించు బిడ్డలుగల ఇండ్లలో ఈ రెండు ప్రశ్నలును నేడు తలయెత్తుచున్నవి.

అమెరికాలో కళాశాల క్రీడాకారులు తమ పేరును ప్రకటనలకిచ్చి ధనము గడింపరాదను నియమము చిరకాలముండెను. 2021 జూలైలో అది సడలింపబడినది. కళాశాల మారినవారు ఒక సంవత్సరము ఆటకు దూరముగా నుండవలెనను కట్టడియు ఆ యేటనే మొదటి మార్పు వరకు తొలగినది. చట్టము తలుపు తెరచినది. ధర్మమేదో మాత్రము చెప్పలేదు.

మొదటి ప్రశ్నకు తెలుగునాటనే ఒక సమాధానము కలదు. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ పోటీలలో విజేతయయ్యెను. 1980లో ప్రకాశ్ పదుకోణె తరువాత ఆ గౌరవమందిన భారతీయుడాతడే. శీతలపానీయపు ప్రకటన ఆయనను వెదకికొనుచు వచ్చెను. తాను త్రాగని పానీయమును పిల్లలను త్రాగుమనుట తగదని ఆయన నిరాకరించెను.

కలిగినవారు కాదనగలరు, లేనివారి మాటయేమని కొందరందురు. ఈ ఆక్షేపణ తేలికైనది కాదు. కాని కల్యాణమున ఆయ్దక్కి మారయ్య దంపతులు కడుపేదలు. రాలిన బియ్యపుగింజల నేరుకొనుటయే మారయ్య కాయకము. ఒకనాడాతడు అవసరమునకు మించి తేగా, అధికమైనదానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మని లక్కమ్మ పంపెను. ఆమె నిరాకరించినది బియ్యమును కాదు, ఆశను. కనుక తాను వాడు బూట్లకో రాకెట్టుకో పేరిచ్చి, ఆ ధనముతో ఇల్లు నిలుపుకొను పేదబిడ్డ దోషి కాడు. తాను నమ్మని వస్తువును నమ్ముమని లోకమునకు చెప్పునపుడే అసత్యము ప్రవేశించును. పేదరికము అవసరమును సమర్థించును గాని అసత్యమును సమర్థింపదు.

రెండవ ప్రశ్న మరింత సున్నితము. 2014లో సైనా నెహ్వాల్ హైదరాబాదులోని గోపీచంద్ శిక్షణను విడిచి, బెంగుళూరులో విమల్ కుమార్ వద్ద చేరెను. 2015లో ప్రపంచ ప్రథమస్థానమును, ప్రపంచ పోటీలలో రజతమును పొందెను. 2017లో తిరిగి పూర్వగురువు చెంతకే వచ్చెను. ఆమె వెడలినపుడు తనకు కలిగిన బాధను గోపీచంద్ 2020లో వెలువడిన ఒక గ్రంథమున దాచక తెలిపెను. వెళ్లినందున ఆమె ఉన్నతి పొందెను. గురువునకు నొప్పి కలిగెను. రెండును సత్యములే.

అష్టావరణములలో గురువు మొదటివాడు గదా, విడుచుట పాపము కాదా యనవచ్చును. దీక్షాగురువు కరమున నుంచిన ఇష్టలింగమును ప్రాణమున్నంతవరకు విడువరాదు. విద్యాగురువు సంబంధమట్టిది కాదు. విద్య పెరుగుటకే ఆ సంబంధము. అది పెరుగని చోట శిష్యుని బంధించుట గురుత్వమునకే లోపము. అయితే చోటు మారినంతమాత్రమున ఋణము తీరదు. చెప్పి వెళ్లుట, నేర్పినవానిని నిందింపకుండుట, గడించినదానిలో కొంత తరువాతి శిష్యులకు దాసోహముగా నిచ్చుట: ఈ మూడును ఆ ఋణమును తీర్చు మార్గములు. కేవలము అధిక ధనమాశించి, మాటనాడి తప్పి పోవువాడు మాత్రము గురువును కాదు, తన కాయకమునే విడిచినవాడగును.

కృష్ణాతీరమునగల కొల్లాపూర్ ప్రాంతము మామిడితోటలకు ప్రసిద్ధము. అంటుమొక్క నారుమడిలోనే యుండిన కాయదు. పెకలించి తోటలో నాటవలసినదే. కాని వేరుచుట్టు పాతమట్టిని కొంత ఉంచియే నాటుదురు. ఆ మట్టిని పూర్తిగా దులిపిన మొక్క బ్రతుకుట కష్టము. పల్లెబడి మైదానమున మొదట పరుగు నేర్పిన వ్యాయామోపాధ్యాయుని విడిచి, హకీంపేట క్రీడాపాఠశాలకో మరియొక నగరమునకో పోవు బిడ్డలకును ఇదియే నీతి.

బిడ్డ ఒప్పందముపై సంతకము చేయుటకు ముందు తల్లిదండ్రులు లక్కమ్మ ప్రశ్నను వేయుదురుగాక: ఇది అవసరమా, ఆశయా? ఆ ప్రశ్న నిలిచిన ఇంట కాయకమును నిలుచును, కీర్తియు నిలుచును.

శరణు శరణార్థి.