సంకల్పం ఏ ఊళ్లో చెప్పాలి?

ఏ కర్మ మొదలుపెట్టినా పురోహితుడు ముందుగా కర్త చేత ఒక చిరునామా చెప్పిస్తాడు. జంబూద్వీపం, భరతఖండం, మేరువుకు దక్షిణం, శ్రీశైలానికి ఫలానా దిక్కు, ఫలానా నదుల నడుమ. ఆ తర్వాత సంవత్సరం, అయనం, మాసం, తిథి. గుడివాడలో పీట మీద కూర్చున్నవాడికి ఇందులో చిక్కేమీ లేదు. అమెరికాలో పీట వేసుకున్నవాడికీ లేదు. అక్కడి తెలుగు పురోహితులు క్రౌంచ ద్వీపం, రమణక వర్షం, ఐంద్ర ఖండం అని మార్చి చెప్పిస్తున్నారు. తండ్రి తద్దినం నాగాయలంకలో జరుగుతూ, పెద్దకొడుకు డాలస్ నుంచి వీడియో కాల్‌లో గోత్రనామాలు చెప్పినప్పుడే అసలు చిక్కు. ఇక్కడ అపరాహ్ణం, అక్కడ అర్ధరాత్రి దాటిన వేళ. గొంతు ఈ ఇంట్లో వినిపిస్తోంది, మనిషి ఆ ఇంట్లో ఉన్నాడు. కర్త ఎక్కడున్నట్టు?

ఈ ప్రశ్న ముప్పై ఏళ్ల కిందట ఎవరికీ రాలేదు. ఇప్పుడు రావడానికి కారణం మాట వెల పడిపోవడమే.

కృష్ణా తీరంలో కాలాన్ని పుష్కరాలతో కొలవడం అలవాటు. 1992 పుష్కరాల నాటికి విదేశంలో ఉన్న కొడుకుతో మాట్లాడాలంటే బందరులోనైనా, అవనిగడ్డలోనైనా ఎస్టీడీ బూతు ముందు నిలబడాల్సిందే. మీటరు మీద అంకెలు పరుగెత్తుతుంటే ఆరోగ్యం, పంట, పిల్లల చదువు, అంతే. నాలుగో విషయానికి చేతిలో డబ్బుండేది కాదు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది గానీ, దాని మీద ఫోను మాట్లాడటానికి అనుమతి లేదు. 2002 మార్చి 31తో విదేశీ కాల్స్ మీద ఆ సంస్థ గుత్తాధిపత్యం ముగిసింది. మర్నాటి నుంచే ఇంటర్నెట్ టెలిఫోనీకి, పరిమితులతోనైనా, తలుపు తెరిచారు. 2004 పుష్కరాలు వచ్చేసరికి స్కైప్ పుట్టి ఏడాది. 2016 పుష్కరాలు ఆగస్టు 23న ముగిశాయి; రెండు వారాలు తిరక్కుండానే, సెప్టెంబరు 5న, జియో వచ్చింది. ఆ నవంబరులోనే వాట్సాప్‌లో వీడియో కాల్ మొదలైంది. మరుసటి ఏడాది డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ ఇస్తామంది. ఇక మాటకు విడిగా ధర లేదు, కట్టేదంతా డేటాకే. మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లకు కొన్న స్కైప్ కూడా 2025 మేలో మూతపడింది.

ఉచితంగా వచ్చిందని దీన్ని తక్కువ చేయడం అన్యాయం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు తీగలు తెగాయి, దారులు మూసుకుపోయాయి. ప్రభుత్వ లెక్కలోనే పదివేల మందికి పైగా పోయారని బయటి ప్రపంచానికి తెలియడానికి రోజులు పట్టింది. అమెరికా తెలుగువారి తానా సంఘం పుట్టిందీ ఆ ఏడాదే. దాని తొలి అధ్యక్షుడు డాక్టర్ కాకర్ల సుబ్బారావు సొంతూరు కృష్ణా జిల్లాలోని పెదముత్తేవి. సముద్రానికి ఆవల ఉన్న ఈ ప్రాంతపువాళ్లకు తమవాళ్లలో ఎవరు మిగిలారన్నది ఆనాడు వెంటనే తెలిసే మార్గమే లేదు. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి ఇప్పుడు కోడూరు నుంచి న్యూజెర్సీకి గొంతు చేరుతుందంటే, అది చిన్న మేలు కాదు.

అయితే చేరేది గొంతేనా? మన తార్కికులు దీనికి దగ్గరి ప్రశ్ననే వేసుకున్నారు. న్యాయ వైశేషికుల లెక్కలో శబ్దం ఆకాశ గుణం. చెవి అంటే చెవి తొర్రలో ఇమిడిన ఆకాశమే. నోట పుట్టిన శబ్దం తానే నడిచి చెవిదాకా రాదు. తనలాంటి మరో శబ్దాన్ని పుట్టించి నశిస్తుంది, అది ఇంకొకదాన్ని. అలా అల వెంట అలగా సాగి చివరిది చెవిలో పుడుతుంది. దీన్నే వీచీతరంగ న్యాయమన్నారు. అంటే ఎదురుగా కూర్చున్న తండ్రి మాట్లాడినా కొడుకు వినేది ఆయన నోట పుట్టిన శబ్దాన్ని కాదు, దాని సంతతిలో చివరిదాన్ని.

ఇంటర్నెట్ ఫోను చేసేదీ ఇంచుమించు ఇదే. మాటను సాధారణంగా సెకనులో యాభయ్యో వంతు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకూ చిరునామా అంటించి పంపుతుంది. ముక్కలు వేరువేరు దారుల్లో రావచ్చు, వెనకది ముందు రావచ్చు. అవతలి యంత్రం వాటిని లిప్తపాటు ఆపి, వరస కూర్చి వినిపిస్తుంది. ఒక ముక్క దారిలో పోతే ముందు వచ్చిన ధ్వనిని బట్టి ఆ సందును తానే పూడుస్తుంది. పూడ్చినంత మేరా ఆ ధ్వని తండ్రి నోటి సంతతి కాదు, యంత్రం ఊహ. అయినా నైయాయికుడు కాల్‌ను కొట్టిపారేయడు. మాట ప్రమాణమయ్యేది చెప్పినవాడు ఆప్తుడు కావడం వల్ల; ఏ దారిన వచ్చిందన్నది తర్వాతి సంగతి. మీమాంసకుడికి అసలు పేచీయే లేదు: వర్ణాలు నిత్యం, ధ్వని వాటిని వెల్లడిస్తుంది, అంతే.

ఇతర మతాలు గట్టి గీతే గీశాయి. మన దేశం ఇంటర్నెట్ ఫోనుకు అనుమతిచ్చిన 2002లోనే వాటికన్ పత్రం ఒకటి, ఇంటర్నెట్‌లో సంస్కారాలు ఉండవని తేల్చింది. 1990లో జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ టెలిఫోను వంటి సాధనాలతో ఒప్పందాలు చేసుకోవచ్చంటూనే నికాహ్‌ను మినహాయించింది, దానికి సాక్షులు కావాలి గనుక. అంటే అక్కడ అడ్డుపడింది గొంతు కాదు, పక్కన ఉండాల్సిన మనుషులు.

తద్దినం పీట దగ్గరా తేల్చాల్సింది అదే. యజ్ఞంలో యజమాని స్వయంగా చేయాల్సింది త్యాగమని మీమాంస చెబుతుంది: ఇది నాది కాదని వదులుకోవడం. మిగతా చేతి పని ఋత్విక్కులది. ఈ లెక్కన డాలస్ కొడుకు గొంతు సరిపోతుందనిపిస్తుంది. కానీ ఆ శాస్త్రమే ఋత్విక్కులకు దక్షిణ ఇవ్వమంటుంది, ఇవ్వకపోతే కర్మ పూర్తి కాదంటుంది. పని చేసిన చేతులను అది లెక్కలో రాసుకుంది.

దివిసీమ ఇళ్లలో ఆ చేతులు ఎవరివి? మంచం పట్టిన మామగారికి స్నానం చేయించిన కోడలివి, రాత్రిపూట ఆస్పత్రికి తీసుకెళ్లిన పక్కింటివాడివి, జీతానికి వచ్చి మలమూత్రాలు ఎత్తిన మనిషివి, ఊళ్లోనే ఉన్నందుకు అన్నీ మీద పడిన కూతురివి. 2020 మార్చిలో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాక, శవాన్ని ఫ్రీజర్ పెట్టెలో ఉంచి ఎదురుచూడటానికీ వీల్లేనప్పుడు, కొడుకులు తెర మీద దండం పెట్టుకుంటే నిప్పు పట్టుకున్నది ఇక్కడున్నవాళ్లే. రోజుకు రెండుసార్లు వచ్చే ఉచిత వీడియో కాల్ ఈ శ్రమను కనపడకుండా చేస్తోంది. మాట్లాడుతూనే ఉన్నాం గనుక చూసుకుంటూనే ఉన్నామని దూరాన ఉన్నవాడు మనస్ఫూర్తిగా నమ్ముతాడు. ఆ నమ్మకంలో ప్రేమ ఉంది, పని లేదు.

తర్వాతి కృష్ణా పుష్కరాలు 2028లో. హంసలదీవి సంగమంలోనూ ఎగువ రేవుల్లోనూ పిండప్రదానాలకు ఫోన్లు ఎత్తి పట్టుకునేవాళ్లు తప్పక ఉంటారు. పురోహితులు వద్దనాల్సిన పని లేదు. దూరాన ఉన్న కొడుకు తన ద్వీపం, తన ఖండం పేరు చెప్పి త్యాగం పలకవచ్చు. అయితే దర్భ మాత్రం ఆ పెద్దాయనకు చేసిపెట్టిన మనిషి చేతిలో ఉండాలి, అది కూతురైనా సరే. ఆ మనిషి పేరు సంకల్పంలో వినిపించాలి, ఆ మనిషికి రావాల్సింది ఆస్తి పంపకం కాగితంలోనూ కనిపించాలి. ఆ కాగితం మీద సంతకానికి కొడుకు రిజిస్ట్రారు ఆఫీసుకు విమానమెక్కి వస్తున్నాడు గనుక, అది అడగడానికి అదే సమయం.