ఏకాంతసేవయందు రెండు ఊళ్ళ పేర్లు

తిరుమలలో రాత్రివేళ శ్రీవారు పవళించు తరుణమున తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి ముత్యాలహారతి జరుగుట ఆస్తికులెల్లరు ఎఱిగినదే. ఇందు తాళ్ళపాక, తరిగొండ యనునవి ఊళ్ళ పేర్లు. లోకమునకెల్ల ప్రభువైన స్వామి సన్నిధిని రెండు పల్లెల పేర్లకు ఇంతటి చోటు ఎట్లు దొరకినది?

తాళ్ళపాక రాజంపేటకు చేరువనున్న చిన్న గ్రామము. అచట చెన్నకేశవుని కోవెల కలదు. 1408లో అన్నమాచార్యులు ఆ యూర జన్మించిరి. ఆయన ధర్మపత్ని తిమ్మక్క సుభద్రాకల్యాణము రచించెను. కుమారుడు పెద తిరుమలాచార్యులు, మనుమలు చిన తిరుమలాచార్యులు, చిన్నన్న, అందఱును కవులే. చిన్నన్న ద్విపదలో తాతగారి చరిత్రము వ్రాయకున్నచో ఆ మహనీయుని గూర్చి మనకు తెలియునది మిక్కిలి స్వల్పమై యుండెడిది. పెద తిరుమలాచార్యులు తండ్రి పాటలను రాగిరేకులపై చెక్కించిరి. రేకులు రెండువేలకు మించినవి. ఆ గృహస్థుడు దానికై వెచ్చించిన ధనమెంతయో ఊహింపుడు!

అయినను ఆ రేకులు ఆలయమందలి చిన్న అఱలో చిరకాలము మఱుగుపడి, 1922లో గాని వెలికిరాలేదు. పాటలు పదునాలుగువేల వఱకు దొరకినవి, వాని బాణీలు మాత్రము చాలవఱకు పోయినవి. నేడు సభలలో వినవచ్చు వరుసలు పెక్కు తరువాతి విద్వాంసులు కూర్చినవే. రాగి అక్షరమును కాపాడగలదు, గొంతును కాపాడలేదు. లాలిసేవ నిలుచుటకు కారణము వేఱు. దానిని నడుపుట తాళ్ళపాక వంశీయుల విధి. ఆ విధిని వారు మానలేదు.

తరిగొండ కథ కొంత కష్టమైనది. పదునెనిమిదవ శతాబ్దిలో అచట పుట్టిన వేంగమాంబ చిన్నతనముననే భర్తను కోల్పోయెను. కేశములు తీయించుకొనుటకు అంగీకరింపనందున ఊరివారు నిందించిరని ఆమె చరిత్రము చెప్పును. (నిందించినవారి పేర్లు నేడెవరికి గుర్తున్నవి?) ఆమె కొండకు వచ్చి, 1817లో పరమపదించువఱకు స్వామి సేవలోనే గడపెను. ఊరు విడిచినను ఊరి దైవమును విడువలేదు. తరిగొండ నృసింహుని, వేంకటాచలపతిని ఒక్కరినిగనే భావించి కృతులు సమర్పించెను. తిరుమలలో నేడు యాత్రికులు భుజించు అన్నప్రసాదభవనము ఆమె పేరిటనే యున్నది.

కడప మార్గమున తిరుపతికి వచ్చు కుటుంబములవారు రాజంపేట వద్ద ఒక పూట ఆగి తాళ్ళపాక కేశవుని సేవింపవచ్చును. తరిగొండకు వాయల్పాడు ప్రాంతమునకు పోవలెను. వేంగమాంబ కొలిచిన లక్ష్మీనృసింహుడు అచట నేటికిని పూజలందుకొనుచున్నాడు.