దేవుడికి పెట్టనిది బిడ్డకెందుకు పెడుతున్నాం?

కిందటి వీడియోలో నైవేద్యం ఎలా వండాలి, ఏ నియమాలు పాటించాలి అని వివరంగా చెప్పుకున్నాం కదా. ఆ వీడియో తీసిన రోజే మా ఇంట్లో ఒక మాట జరిగింది. కెమెరా ముందు చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం. ఆదివారం వచ్చిందంటే మా ఊరికి అది సూర్యనారాయణస్వామి రోజు. అరసవల్లి వెళ్ళగలిగితే వెళ్తాం, లేకపోతే ఇంట్లోనే పరమాన్నం వండి స్వామికి పెడతాం. ఆ రోజు కూడా తలస్నానం చేసి, పొయ్యి శుభ్రం చేసుకుని, ఆవుపాలు, బెల్లం వేసి వండాను. రుచి చూడలేదు, చూడకూడదు కదా. మా చిన్నోడు గుమ్మంలో కూర్చుని కారం చిప్స్ పాకెట్ తింటున్నాడు. వాడికి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి.

"అమ్మా, దేవుడికి ఇది పెట్టవేంటి? పాయసం కంటే ఇదే బాగుంటుంది" అన్నాడు.

"తప్పు నాన్నా. అలాంటివి స్వామికి పెట్టకూడదు."

"ఎందుకు?"

"ఎప్పుడు చేశారో తెలీదు, ఏ నూనెలో వేయించారో తెలీదు. దేవుడికి అప్పుడే వండింది, శుభ్రమైంది పెట్టాలి."

వాడు ఇంకో ముక్క నోట్లో వేసుకుని, "మరి నాకెందుకు పెడతావు?" అన్నాడు.

ఎగతాళిగా అనలేదండీ. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

వాడి ఒంట్లో ఏముందంటే

ఆ మాట అంతగా ఎందుకు తగిలిందో చెప్పాలంటే రెండు నెలలు వెనక్కి వెళ్ళాలి. బడిలో ప్రార్థన దగ్గర వాడు కళ్ళు తిరిగి కూర్చుండిపోయాడు. డాక్టరుగారు రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర వచ్చింది. ఆ వయసు పిల్లలకు కనీసం పదకొండున్నర ఉండాలట. విచిత్రం ఏంటంటే బరువు మాత్రం ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంది. "బుగ్గలు చూసి బాగున్నాడనుకున్నాం సార్" అన్నాను. "కడుపు నిండుతోందమ్మా, ఒంటికి కావలసింది అందట్లేదు" అన్నారాయన.

పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం తింటాడో చెప్పమన్నారు. నేను చెబుతుంటే నాకే సిగ్గేసింది. లేవగానే టీలో బిస్కెట్లు. మధ్యాహ్నం బడి భోజనం, అందులో కూర పక్కకు నెట్టేసి అన్నం, గుడ్డు మాత్రం తింటాడట. సాయంత్రం పది రూపాయల పాకెట్. రాత్రి ఫోన్ చూపిస్తే నాలుగు ముద్దలు, లేకపోతే నూడుల్స్. మన వైపు చిన్నపిల్లలకు టీ పట్టడం చాలా ఇళ్ళలో మామూలే. తిండిలో ఉన్న ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ముగ్గురిలో ఇద్దరు. ఇంకో వైపు స్థూలకాయం. లోకం మొత్తం మీద బడి వయసు పిల్లల్లో బక్కచిక్కిన వాళ్ళకంటే స్థూలకాయులే ఎక్కువయ్యారని యూనిసెఫ్ 2025లో చెప్పింది. ఒకప్పుడు తిండి లేక పిల్లలు చిక్కిపోయేవాళ్ళు. ఇప్పుడు ఎదురుగా తిండి ఉండి కూడా రక్తం లేకుండా ఉంటున్నారు.

ప్రేమే కదా అనుకున్నాం

మా ఆయన విశాఖపట్నంలో షిఫ్టు ఉద్యోగం చేస్తారు. వారానికి ఒక్కసారి, శనివారం రాత్రి ఇంటికొస్తారు. వచ్చేటప్పుడు చేతిలో కవరు. అందులో చిప్స్, చాక్లెట్లు, ఒక కూల్‌డ్రింక్ సీసా. "ఇవి ఇంక తేకండి" అన్నాను డాక్టరుగారి దగ్గర్నుంచి వచ్చాక. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "వారమంతా వాడికి కనిపించను. ఉత్త చేతుల్తో ఎలా రమ్మంటావు?" అన్నారు.

ఆ మాటలో అబద్ధం లేదు. మన జిల్లాల్లో ఇలాంటి నాన్నలు ఎంతమంది! హైదరాబాదు, చెన్నై, విశాఖ అని పనికి పోయి, పిల్లల్ని అమ్మమ్మల దగ్గర, నాన్నమ్మల దగ్గర వదిలిన తల్లిదండ్రులు ఎంతమంది! ఫోన్‌లో "ఏం కావాలి కన్నా" అని అడుగుతారు. దూరంగా ఉన్నామన్న బాధ పది రూపాయల పాకెట్‌గా మారి పిల్లల చేతిలో పడుతుంది. రోజంతా పనిచేసి వచ్చిన తల్లికి కూడా, ఏడుస్తున్న బిడ్డను ఊరుకోబెట్టడానికి అంతకంటే చవకైంది ఇంకోటి దొరకదు. వాళ్ళను తిట్టే అర్హత నాకు లేదు, నేనూ అదే చేశాను.

అయితే ఇది ప్రేమా, లేక మన బాధకు మనం వేసుకుంటున్న మందా? ఆ పాకెట్ వల్ల తేలికపడేది ఎవరి మనసు?

ఇక్కడ నాకు కఠోపనిషత్తు గుర్తొచ్చింది. యముడు నచికేతుడికి శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరు అని చెప్పిన ఘట్టం మన ఛానల్లో ఎన్నోసార్లు చెప్పుకున్నాం. మేలు చేసేది ఒకటి, ఇష్టమనిపించేది ఒకటి. తెలివైనవాడు మేలు చేసేదాన్ని ఎంచుకుంటాడు. కానీ తొమ్మిదేళ్ళ పిల్లాడు ఎంచుకోగలడా? ఉప్పు, చక్కెర, నూనె సరిగ్గా కలిపి, ఒకటి తింటే ఇంకోటి తినాలనిపించేలా తయారుచేసిన పాకెట్ ముందు పెద్దవాళ్ళమే ఆగలేకపోతున్నాం. వాడికి ఆ వివేకం వచ్చేదాకా వాడి తరఫున ఎంచాల్సింది మనమే. తల్లిదండ్రులు అనే మాటకు నాకు ఇప్పుడు తెలిసిన అర్థం ఇదే.

అదే కథ మొదట్లో ఇంకో సంగతి ఉంది. నచికేతుడి తండ్రి ఉన్నదంతా దానం చేసే యజ్ఞం చేస్తూ, పాలు ఉడిగిపోయిన ముసలి ఆవుల్ని దానమిస్తాడు. పక్కన నిలబడి చూసింది ఎవరు? చిన్నపిల్లాడైన కొడుకు. ఇచ్చేదాంట్లో సారం లేదని వాడికి అర్థమైంది. అందుకే "నాన్నా, నన్నెవరికిస్తావు?" అని అడిగాడు. తండ్రికి కోపం వచ్చింది. మా చిన్నోడి ప్రశ్న విన్నప్పుడు నాకూ ముందు కోపమే వచ్చిందండీ. సారం లేనిది ఇస్తూ పట్టుబడితే ఎవరికైనా వచ్చేది కోపమే.

నేను చేసిన తప్పు

రక్తపరీక్ష అయిన వారమే ఇంట్లో ఉన్న పాకెట్లన్నీ చెత్తబుట్టలో వేశాను. "ఇంక ఒక్కటి ముట్టుకున్నా ఊరుకోను" అన్నాను. నాలుగు రోజులు వాడు బాగానే ఉన్నట్టు కనిపించాడు. ఐదో రోజు బడిసంచి సర్దుతుంటే అడుగున మూడు ఖాళీ కవర్లు దొరికాయి. డబ్బులెక్కడివని అడిగితే స్నేహితుడిచ్చాడన్నాడు. దేవుడి గూట్లో హుండీ డబ్బాలో చిల్లర తగ్గిందని తర్వాత చూశాను.

కొట్టాను. దాచుకోను, ఒక దెబ్బ వేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటిదాకా మా వాడు అబద్ధం చెప్పడం నేనెరగను. చెప్పక తప్పని పరిస్థితి తెచ్చింది నేనే కదా.

మా అత్తమ్మ నరసన్నపేట దగ్గర పల్లెలో ఉంటారు. ఫోన్ చేసి ఏడిస్తే ఆవిడ అన్న మాట: "ఆడికేటి తెలుసమ్మా? మనం పెట్టిందే ఆడు తిన్నాడు. నువ్వు టీలో బిస్కెట్టు ముంచుకు తింటా, ఆణ్ని తినొద్దంటే ఎలాగ? పిల్లలు సూసేది మన నోరు కాదు, మన కంచం."

ఆవిడ బడి మొహం చూడలేదు. నేనేమో ఉపనిషత్తులు చెబుతుంటాను.

మరి ఏం చేశాం?

ముందు నేను మారాను. పొద్దున్న టీ, బిస్కెట్లు మానేసి ఇద్దరం చోడంబలి తాగడం మొదలుపెట్టాం. మజ్జిగ, ఉల్లిపాయ, కొంచెం ఉప్పు. మన తాతలు పొలానికి పోతూ తాగి వెళ్ళిందే. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో పది కూడా ఉండదు. పేదవాళ్ళ తిండి అని మనమే వదిలేశాం. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది మార్చిలో మన సర్కారు బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ ఇవ్వడం మొదలైంది. మనం ఇంట్లోంచి పంపేసింది బడి దారిలో తిరిగి వచ్చిందన్నమాట.

మొదటి రోజు వాడు ఒక గుక్క తాగి ఉమ్మేశాడు. నేను ఏమీ అనలేదు. నాది నేను తాగాను. కొత్త రుచి పిల్లలకు అలవాటు కావడానికి ఎనిమిది పది సార్లు పెట్టాల్సి వస్తుందని చెబుతారు. మా వాడికి ఇంకా ఎక్కువే పట్టింది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దల పని, ఎంత తినాలన్నది పిల్లల పని అని ఎలిన్ సాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు చెబుతారు. ఈ ఒక్క సూత్రంతో మా ఇంట్లో కంచం ముందు యుద్ధాలు సగం తగ్గాయి.

చోళ్ళు ఎముకలకు మంచివి, కానీ రక్తానికి అవొక్కటే చాలవు. పప్పులో మునగాకు, తోటకూర, పైన నిమ్మరసం, రోజూ గుడ్డు. మేం చేపలు తినే ఇల్లే కాబట్టి నెత్తళ్ళ పులుసు. ఇది శాకాహారమా మాంసాహారమా అన్న గొడవ కాదండీ, ఎవరింటి ఆచారం వారిది. డాక్టరుగారు రాసిన ఐరన్ సిరప్, నులిపురుగుల మాత్ర కూడా వాడాం. పూజ చేశాం కదా, అంబలి తాగాం కదా అని మందు మానకండి.

"నైవేద్యంలో కూడా బెల్లం, నెయ్యి ఉంటాయి కదా" అని కొందరు అడుగుతారు. ఉంటాయి. కానీ ప్రసాదం అరచేతిలో పెడతారు. ఒక గుప్పెడు. కళ్ళకద్దుకుని, పక్కవాళ్ళకు పెట్టి తింటాం. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో ఐదారు చెంచాల చక్కెర ఉంటుంది, ఎవరూ గుప్పెడుతో ఆపరు. గీతలో పదిహేడో అధ్యాయంలో స్వామి ఆహారం గురించి చెప్పినప్పుడు ఉప్పు, పులుపు, కారం వద్దనలేదు. అతి అయితేనే దుఃఖాన్ని, రోగాన్ని తెస్తాయన్నారు. ఎప్పుడో వండి సారం పోయినదాన్ని తామసమన్నారు. పాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న తయారీ తేదీ చూసినప్పుడల్లా ఆ మాట గుర్తొస్తుంది.

మా ఆయన సంగతి చెప్పాలి. ఇప్పుడు శనివారం రాత్రి కవరు బదులు, ఆదివారం పొద్దున్న వాణ్ని రైతుబజారుకు తీసుకెళ్తున్నారు. తూకం వాడే చూస్తాడు, లెక్క వాడే కడతాడు. తెచ్చిన కూర వాడే ఏరుతాడు. తాను ఏరిన బీరకాయ కూరను పక్కకు నెట్టడం వాడికి చేతకాలేదు. అప్పుడప్పుడూ ఇంకా కవరు వస్తుంది. వస్తే ముగ్గురం కూర్చుని పంచుకు తింటాం. దొంగతనంగా తినాల్సిన అవసరం వాడికి లేదు.

ఇంటి బయట కూడా మన పని ఉంది. బడి గేటు నుంచి 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. మీ పిల్లల బడి ముందు ఏముందో ఒకసారి చూడండి. తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు మార్కుల గురించి అడిగాక ఈ మాట కూడా అడగండి. పిల్లాడి నోరు ఒక్కటే కట్టేస్తే అది వాడి మీద దౌర్జన్యం అవుతుంది.

మూడు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే పదకొండుకు దగ్గరగా వచ్చింది. సిరప్ వల్లా, తిండి వల్లా అని నేను తేల్చి చెప్పలేను. ఇంకా కొంచెం పెరగాలి. హుండీ డబ్బా గూట్లో అక్కడే ఉంది, తాళం వేయలేదు.

మొన్న ఆదివారం పరమాన్నం స్వామికి పెట్టి, చిక్కుడాకులో వేసి వాడికి ఇచ్చాను. "ఇది దేవుడికి పెట్టిందే కదా?" అని అడిగి తిన్నాడు. వాడి ప్రశ్నకు నేను నోటితో జవాబు చెప్పలేదు. రోజూ కంచంలో పెట్టేదే జవాబు. అది ఒక్కోరోజు బాగుంటుంది, ఒక్కోరోజు ఉండదు.

మీ ఇంట్లో ఈ రోజు సాయంత్రం బిడ్డ చేతికి ఏదైనా ఇచ్చే ముందు, ఒక్కసారి దేవుడి గూటి వైపు చూడండి. ఆ ఆదిత్యుడు మన పిల్లలందరికీ ఆయుష్షు, ఆరోగ్యం ఇవ్వాలని కోరుకుంటూ, వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.