స్కాలరూ ఉద్యోగీ ఒకరే అయినప్పుడు

తెలుగు రాష్ట్రాల్లో ప్రైవేటు విశ్వవిద్యాలయాలు రెండు దారుల్లో వచ్చాయి. మొదటిది డీమ్డ్ హోదా. 1956 నాటి యూజీసీ చట్టం మూడో సెక్షన్ కింద విశాఖలోని గీతం 2007లో, వడ్లమూడిలోని విజ్ఞాన్ 2008లో, వడ్డేశ్వరంలోని కేఎల్ 2009లో ఆ హోదా పొందాయి. రెండోది రాష్ట్ర చట్టాల దారి. ఆంధ్రప్రదేశ్ 2016లో, తెలంగాణ 2018లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టాలు చేశాయి. ఆ తర్వాత 2017లో అమరావతిలో వీఐటీ, ఎస్ఆర్ఎం, 2020లో హైదరాబాద్‌లో మహీంద్రా, వరంగల్‌లో ఎస్ఆర్ వంటివి మొదలయ్యాయి. వీటిలో కొన్నింటికి పునాది ఇంజనీరింగ్ కాలేజీయే. నిన్నటిదాకా మరో యూనివర్సిటీ సిలబస్ ప్రకారం పాఠం చెప్పిన సంస్థ, ఒక ఉత్తర్వుతో తానే పీహెచ్‌డీ పట్టా ఇచ్చే సంస్థ అయింది. గేటు మీద బోర్డు మార్చడానికి ఒక రోజు చాలు. పరిశోధన అలవాటు కావడానికి ఎంతకాలం పడుతుందో ఏ చట్టమూ చెప్పలేదు.

ఇక్కడ చేరేవాళ్లు ఎవరో తెలిస్తే వాళ్ల అనుభవం సగం తెలిసినట్టే. జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్నవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంది. వాళ్ల చూపు ముందు కేంద్రీయ విశ్వవిద్యాలయం మీద, ఉస్మానియా, ఆంధ్రా మీద పడటం సహజం. ప్రైవేటు క్యాంపస్‌లో ఫుల్‌టైమ్ స్కాలర్‌కు చాలాచోట్ల యూనివర్సిటీయే స్టైపెండ్ ఇచ్చి, బదులుగా ల్యాబ్ క్లాసులు, ట్యుటోరియల్స్ అప్పజెబుతుంది. ఇంజనీరింగ్ విభాగాల్లో వీళ్లతోపాటు మరో జనం ఉన్నారు. ఎంటెక్ చేసి, ఏళ్లుగా పాఠాలు చెబుతూ, ముప్ఫై అయిదు దాటిన లెక్చరర్లు. ఏఐసీటీఈ 2019 నిబంధనల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ ఉండి తీరాలి. దాంతో పిల్లల స్కూలు ఫీజు కడుతూనే తమ కోర్సు ఫీజూ కట్టుకుంటారు. కొన్నిచోట్ల సొంత సిబ్బందికి ఫీజు మాఫీ చేసి, పట్టా వచ్చాక ఇన్నేళ్లు ఇక్కడే పనిచేస్తానని బాండు రాయించుకుంటారు. ప్రమోషన్ కోసం చదివేవాళ్లని వీళ్లను చులకనగా మాట్లాడటం తేలికే, కానీ న్యాయం కాదు. ఇంక్రిమెంట్ కోసం మొదలుపెట్టి, మూడో ఏడాదికి ఆ సమస్యలో నిజంగానే మునిగిపోయినవాళ్లు ఉంటారు. ఎందుకు చేరారన్నదానికీ ఎలాంటి మనుషులై బయటికొస్తారన్నదానికీ లంకె అంత గట్టిది కాదు.

అలా పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేసే స్కాలర్ రోజు బయోమెట్రిక్ మీద వేలు పెట్టడంతో మొదలవుతుంది. రెండు థియరీ క్లాసులు, మధ్యాహ్నం మూడు గంటల ల్యాబ్, మధ్యలో దిద్దాల్సిన మిడ్ పేపర్లు, న్యాక్ ఫైళ్లు, అటెండెన్స్ తగ్గిన పిల్లల తల్లిదండ్రులకు ఫోన్లు. వేసవి వస్తే అడ్మిషన్ డ్యూటీ. ఇంటర్ పూర్తిచేసిన పిల్లల ఇళ్లు వెతుక్కుంటూ వెళ్లి కాలేజీ గురించి చెప్పి రావాలి. సొంత పనికి ల్యాబ్ ఖాళీ అయ్యేది సాయంత్రం నాలుగు తర్వాత. కాలేజీ బస్సు నాలుగున్నరకు కదులుతుంది. ఫర్నేస్‌లో పెట్టిన శాంపిల్ ఆరు గంటలు వేడెక్కాలంటే అది బస్సు టైం చూడదు. ఉండిపోయినవాళ్లు ఎవరి బండైనా ఎక్కాలి, లేదంటే హైవే దాకా నడిచి ఆర్టీసీ బస్సు కోసం నిలబడాలి. అందుకే ఎంతోమంది పరిశోధన మెల్లగా ల్యాబ్ నుంచి ల్యాప్‌టాప్‌లోకి జరుగుతుంది. ప్రయోగం చేయాల్సిన చోట సిమ్యులేషన్ వస్తుంది, కొత్త కొలతల చోట ఇంటర్నెట్‌లో దొరికే డేటాసెట్ వస్తుంది. ఈ టాపిక్ ఎందుకు ఎంచుకున్నదీ థీసిస్ మొదటి అధ్యాయంలో వివరంగా ఉంటుంది. అందులో బస్సు వేళ వాటా ఎంతో మాత్రం ఎవరూ రాయరు.

అన్నిటికన్నా చిక్కైనది గైడ్‌తో సంబంధం. సిబ్బందిలోంచి వచ్చిన స్కాలర్‌కు గైడ్ తరచూ హెచ్‌ఓడీయే అయి ఉంటారు. టైమ్‌టేబుల్ వేసేదీ, సెలవు చీటీ మీద సంతకం పెట్టేదీ, ఏడాది చివర అప్రైజల్ రాసేదీ, థీసిస్ చదివేదీ ఒక్కరే. గ్రాఫ్‌లో రెండు రీడింగులు గీతకు దూరంగా పడ్డాయనుకుందాం. "ఆ రెండు పాయింట్లూ తీసేయమ్మా, కర్వ్ నీట్‌గా వస్తుంది" అంటారు గైడ్. "ఇంకోసారి రీడింగ్ తీసి చూస్తాను సార్" అనాల్సిన చోటది. అదే సమయంలో ఆ స్కాలర్ పెట్టుకున్న సెలవు చీటీ అదే టేబుల్ మీద ఉంటుంది. ఇంట్లో పిల్లాడికి జ్వరం. ఆమె "సరే సార్" అంటుంది. అబద్ధం చెప్పమని ఎవరూ అడగలేదు, ఎవరూ బెదిరించలేదు. రెండు చుక్కలు మాత్రం పోయాయి. కొత్త విషయమేదైనా ఉంటే ఆ రెండు చుక్కల్లోనే ఉండి ఉండవచ్చు.

పరిశోధనలో శిష్యరికం కొంత దూరం వరకే సాగుతుంది. థీసిస్ అంటే ఇంతవరకూ ఎవరికీ తెలియనిది ఒకటి చెబుతున్నానని ప్రకటించడం. ఆ ఎవరికీలో గైడ్ కూడా ఉన్నారు. కాబట్టి ఏదో ఒక రోజు స్కాలర్‌కు ఆ చిన్న విషయంలో గైడ్ కంటే ఎక్కువ తెలియాలి, తెలిసిన సంగతి ఆయన ముందు చెప్పగలగాలి. పూర్వపక్షాన్ని దాని పూర్తి బలంతో నిలబెట్టాకే ఖండించాలన్న మర్యాద మన శాస్త్రచర్చల్లో పాతదే. కాదనడం అక్కడ అవిధేయత అనిపించుకోదు; పనిలో భాగం. ఉద్యోగంలో మాత్రం పైవాళ్లను కాదనడానికి ఖర్చవుతుంది. ఒకే మనిషి ఒకే గదిలో పొద్దున ఉద్యోగిగా తలూపి, సాయంత్రం స్కాలర్‌గా కాదనాలంటే అది నిబంధనలతో వచ్చే ధైర్యం కాదు. నిబంధనలూ పెద్దగా ఆదుకోవు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం స్కాలర్ ప్రతి సెమిస్టర్‌లో రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు హాజరై పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. ఇబ్బంది ఉంటే చెప్పుకోదగిన చోటు అదే. ఆ కమిటీ కన్వీనర్ గైడే.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో గైడ్ల పెత్తనం లేదని ఎవరూ అనరు. గైడ్ ఇంటి పనులు చేసిపెట్టిన స్కాలర్ల కథలు అక్కడా వినబడతాయి. అక్కడ గైడ్‌కు కోపమొస్తే సంతకం ఆలస్యమవుతుంది, థీసిస్ ఆగుతుంది. ఇక్కడైతే దాంతోపాటు ఇల్లు గడవడం కూడా ఆగవచ్చు. గైడ్‌నే తప్పుపట్టడం కూడా కుదరదు. ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని తీసుకోవచ్చు. వాళ్లందరి పేపర్లూ ఈ ఏడాది ఎన్ని పడ్డాయని పైవాళ్లు ఆయన్ను అడుగుతుంటారు.

ఆ అడగడం వెనక ర్యాంకులున్నాయి. 2016లో తొలి ర్యాంకులు ఇచ్చిన ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో విశ్వవిద్యాలయాలకూ ఇంజనీరింగ్ సంస్థలకూ పరిశోధన పద్దుకు 30 శాతం వెయిటేజీ ఉంది. పేపర్లు, సైటేషన్లు, పేటెంట్లు అక్కడ లెక్కకొస్తాయి. పట్టా పొందిన పీహెచ్‌డీల సంఖ్య మరో పద్దులో చేరుతుంది. థీసిస్ ఇచ్చే ముందు పేపర్ పడి తీరాలన్న షరతును యూజీసీ 2022లో తీసేసింది. అయినా స్కోపస్ పేపర్లు కావాలన్న సొంత నిబంధనను కొనసాగిస్తున్న సంస్థలున్నాయి. పేపర్‌కు ఇంత అని ఇన్సెంటివ్ ఇచ్చేవీ ఉన్నాయి. రెండేళ్లు పనిచేసి, ఈ పద్ధతి పనికిరాదని తేల్చినవాడు శాస్త్రానికి మేలే చేశాడు. ఆ మేలు రాసుకోవడానికి ఏ ఫారంలోనూ గడి లేదు. దాంతో ఫలితం వచ్చే ప్రశ్నలే అడగడం అలవాటవుతుంది. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో పోలిక 10 శాతం లోపుంటే థీసిస్ గట్టెక్కినట్టే. మాటలు మార్చి తెచ్చుకున్న ఆలోచన దానికి దొరకదు. వాట్సాప్‌లో 'యాక్సెప్టెన్స్ గ్యారంటీ' అంటూ తిరిగే మెసేజీలకు గిరాకీ ఇక్కడి నుంచే పుడుతుంది. ఈ దారి చివరిదాకా వెళ్తే ఏమవుతుందో 2025 జనవరిలో కనిపించింది. పీహెచ్‌డీ నిబంధనలు పాటించలేదని రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు విశ్వవిద్యాలయాలను ఐదేళ్లపాటు పీహెచ్‌డీ ప్రవేశాలు చేపట్టకుండా యూజీసీ నిలిపేసింది.

మరోవైపు, ప్రైవేటు క్యాంపస్ ఇచ్చేవీ తక్కువ కావు. యాజమాన్యం తలచుకుంటే పరికరం త్వరగా వస్తుంది. టెండర్లు, ఫైళ్లు అంటూ ఏడాది పోదు. థీసిస్ ఇచ్చిన ఆరు నెలల్లో ప్రక్రియ అంతా ముగించాలన్న నిబంధనను పట్టించుకునే చోట వైవా తేదీ కోసం పడిగాపులుండవు. ఖాళీ పోస్టులతో నడుస్తున్న రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో గైడ్ దొరకడమే గగనమైన విద్యార్థికి ఇది చిన్న సాయం కాదు. ఇక్కడ దొరకనిది సాటి స్కాలర్ల సావాసం. ఉస్మానియాలోనో ఆంధ్రాలోనో హాస్టల్ గదుల్లో, టీ కొట్టు దగ్గర ఒక చరిత్ర స్కాలర్ ఒక కెమిస్ట్రీ స్కాలర్‌తో గంటలకొద్దీ వాదించే వీలుంది. కాదనడం నేర్చుకునేది అలాంటి చోటే. పార్ట్‌టైమ్ స్కాలర్‌కు ఆ సాయంత్రాలు లేవు.

స్త్రీల విషయంలో నిబంధనలు కొంత ముందున్నాయి. కోర్సు గరిష్ఠ కాలం ఆరేళ్లు, రీరిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు. స్త్రీలకు ఇంకో రెండేళ్లు అదనం. 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవుంది. పెళ్లయి ఊరు మారితే పరిశోధన డేటాను కొత్త సంస్థకు తీసుకెళ్లే వీలు కూడా ఉంది. ఇవి వాడుకోవాలన్నా ముందు ఎవరో ఒకరిని అడగాలి. ఆ అడగాల్సిన మనిషి మళ్లీ గైడే.

వైవా తర్వాత థీసిస్ శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలోకి చేరుతుంది, స్టాఫ్‌రూం తలుపు మీద పేరుకు ముందు డాక్టర్ వస్తుంది. క్లాసుల లోడు మాత్రం తగ్గదు. నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీతోపాటు పీర్ రివ్యూ జరిగిన జర్నళ్లలో మూడు పేపర్లుంటే గైడ్‌షిప్ అడగవచ్చు. దాంతో పట్టా వచ్చిన కొద్దికాలానికే అదే స్టాఫ్‌రూంలో పక్క సీటు సహోద్యోగి స్కాలర్‌గా చేరతాడు. వయసులో ఇద్దరికీ రెండు మూడేళ్ల తేడా ఉంటుంది, అంతవరకూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకున్నవాళ్లే. అప్పట్నుంచి ఒకరు సార్ అవుతారు. ఆ సార్ గ్రాఫ్‌లో చుక్కలు తీసేయమంటే పక్క సీటతను ఏమంటాడన్నది, పాత చనువులో ఎంత మిగిలిందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.