తాతగారి కోటు

నెల్లూరులో మాకు తెలిసిన యొక ఇంట మొన్న పాత ట్రంకుపెట్టె తెఱచినారు. అందు మెడవఱకు గుండీలు గల తెల్లని కోటొకటి, జరీ అంచు ధోవతి, కండువా ఉన్నవి. 1950 ప్రాంతపువి. అన్న పెండ్లికి వానిని తానే ధరించెదనని ఇంటి చిన్నవాడు పట్టుబట్టినాడు. మేము సంతోషించితిమి. ఏటేట క్రొత్త చొక్కాలు కొని పాఱవేయుటకంటె ఇది మేలే కదా!

ఆ కోటు ధోవతిపై తొడుగుటకు కుట్టినది. కావున నిడుపు హెచ్చు. నేటి బిగుతు పంట్లాముపై వేసినచో ఎరువు తెచ్చిన కోటువలె నుండును. నడుముకు పైగా కట్టు వదులు పంట్లామైనచో ఒప్పును; అదియు నాటి వాడుకయే. ప్రక్కకుట్టులలోపల మిగిల్చిన బట్ట యున్నచో నడుము వదులు చేయవచ్చును గాని, భుజము సరిపడనిచో బాగుచేయుట కష్టము. సముద్రపుగాలి తగులు మా సీమలో చెమ్మకు జరీ నల్లబడును. ఏండ్లతరబడి ఒకే మడతలోనున్న బట్ట ఆ మడతవెంబడి చినుగును. అప్పుడప్పుడు నీడను ఆఱవేసి మడత మార్చుచుండవలెను. వేంకటగిరి నేతగాండ్రు 100 నంబరు నూలుతో నేసిన బట్ట యెంత తేలికయో అంత సుకుమారము.

ఇంతవఱకు చిక్కులేదు. పెట్టె తెఱచిననాడు అక్కడనే యున్న ఆ యువకుని స్నేహితుడు కండువాను చేతబట్టి, "మా తాత దీనిని భుజాన వేసికొని మీ వీధిలో నడవకూడదట, తీసి నడుమునకు చుట్టుకొనవలెనట" అని నవ్వుచు చెప్పినాడు. ఇంటివారెవ్వరును బదులాడలేదు.

ఆంధ్రరాష్ట్రమునకై నిరాహారదీక్ష పూని 1952 డిసెంబరు 15న ప్రాణమర్పించిన పొట్టి శ్రీరాములుగారు, అంతకుముందు 1946–48 నడుమ హరిజనుల ఆలయప్రవేశమునకై నెల్లూరిలో ఉపవాసములు చేసినారు. మూలపేట వేణుగోపాలస్వామి ఆలయము అట్లు వారికి తెఱవబడినది. హరిజనోద్ధరణ నినాదములు వ్రాసిన అట్టలు మేనికి తగిలించుకొని, చెప్పులు లేక, గొడుగు లేక ఆయన నెల్లూరి యెండలో తిరుగుచుండెడివారు. పిచ్చివాడని నవ్వినవారు కలరు. వారిలో ఇట్టి కోటు తొడిగినవారు లేకపోరు. ఆ కాలపు మగవాని వేషమనగానే మనకు జరీ అంచు జ్ఞప్తికి వచ్చునే గాని ఆ అట్ట రాదేల?

ఇంకొక మాట. తాతగారి కోటు మనుమనికి ముచ్చట గొల్పినది. అదే పెట్టె అడుగున అవ్వగారి తెల్లచీర యున్నది. భర్త పోయినపిమ్మట ఆమె కట్టినది. దానిని బయటకు తీసినవారు లేరు.

అట్లని కోటును కాల్చుమందుమా? అనము. బట్టకు పాపము లేదు, నేసినవానికిని లేదు. తాతను నిందించి తాను శుచియైతినని మనుమ డనుకొనుట బహుసులభము. అందు ఖర్చేమియు లేదు. అయితే "ఆ కాలమే వేఱు" అని నిట్టూర్చుచు తొడిగినచో అది అబద్ధమగును. ఒకరికి నిషేధించుటవలన మఱియొకరికి గౌరవమైన బట్టను, ఆ నిషేధము పోయినపిమ్మట ఇరువురును కలిసి ధరించుట మాకు సమ్మతము.

మా సమ్మతి నెవ్వరు నడుగలేదనుకొనుడు. యువకుడు తన స్నేహితునే అడిగినాడు. "వేసికోరా. నాకును వేంకటగిరినుండి ఒక కండువా తెప్పించు, నీ ప్రక్కనే నడచెదను" అని అతడన్నాడట. కోటు ఇప్పుడు దర్జీయొద్ద నున్నది. భుజము కొంచెము బిగుతట.