త్యాగము ఎవరి ధర్మము?

విద్యకు ఫలము జ్ఞానమా, జీవికయా అను ప్రశ్న ప్రాచీనమైనదే. మన నాందేడు తెలుగిండ్లలో అది నేడు క్రొత్తరూపము దాల్చినది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండి, 1960లో మహారాష్ట్రలో భాగమైన ఈ జిల్లాలో, 1994లో స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయము వెలసినది. ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు ప్రాంతముల బిడ్డలకు డాక్టరేటు చదువు చేరువైనది. పట్టము చేతికి వచ్చినంతనే తలిదండ్రులు "ఉద్యోగ మెప్పుడు?" అని యడుగుదురు. "ఇంకను రెండేండ్లు పరిశోధన" యని బిడ్డ బదులు చెప్పును. జాతీయ పోస్టు డాక్టరల్ ఫెలోషిప్పు గడువు రెండేండ్లే. అటుపిమ్మట మరల దరఖాస్తులే. ఇది చదువునకును కొలువునకును నడుమనున్న వంతెన. దాటుటకే గాని కాపురముండుటకు గాదు.

"శాస్త్రము తపస్సు, తపస్వికి జీతముతో పనియేమి?" అని కొంద రందురు. ఈ మాటను పరీక్షింతము.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ పరిచారకుని పని చేయుచు హార్వర్డులో చదివిరి. శరీర ద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ఫిస్కెతో కలిసి ప్రకటించిరి. 1930లో డాక్టరేటు పొందిరి. మరి పదేండ్లు అచ్చటనే పాటుపడినను శాశ్వతపదవి లభింపలేదు. 1940లో లెడర్లీ మందుల సంస్థలో చేరిరి. జీతమును, సహాయకులును, ప్రయోగశాలయు సమకూడిన పిమ్మట, 1948లో కన్నుమూయులోపల, ఫోలిక్ ఆమ్లము తయారీయు, క్యాన్సరుపై వాడు మెథోట్రెక్సేటును, బోదకాలు వ్యాధికి మందును ఆయన బృందము కృషివలన వెలువడినవి.

సుబ్బారావుగారు ఓర్చిరి గనుక అందరును ఓర్వవలెనా? ఓర్చి నిలిచిన యొక్కని పేరు మన మెరుగుదుము. ఓర్వలేక మరలిపోయినవారి పేరు లెవ్వరెరుగుదురు? త్యాగము చేయువానికి భూషణము, చేయించువానికి గాదు. ఫలమాశింపవలదను గీతోపదేశమును ఎవడు తనకు తాను చెప్పుకొనినను శోభించును; ఎదుటివాని కూలి యెగగొట్టుటకు చెప్పినచో అది ధర్మము గాదు.

మేము గుమాస్తా కొలువు చేసినవారము. కాగితములకు నకళ్లు వ్రాసిన మాకు నెల తిరుగగనే జీతము వచ్చెడిది. నేడు పింఛను వచ్చుచున్నది. రోగమునకు మందు వెదకువాని సంసారము గాలిలో దీపము కావలెనా?

అందరికిని శాశ్వతపదవి నిచ్చుట విశ్వవిద్యాలయములకు శక్యము గాదను మాట నిజమే. యువశోధకుడు మరియొక ప్రయోగశాలలో పనినేర్చుటయు అవసరమే. కావున గడువుండుట అన్యాయము గాదు. గడువును ముందుగా చెప్పకపోవుట, వేతనమును జాగుచేయుట, ఒకని కృషిని మరియొకని పేర వ్రాయుట అన్యాయములు.

తలిదండ్రులకును ఒక మనవి. విశ్వవిద్యాలయమును వీడుట విద్యను వీడుట గాదని సుబ్బారావుగారి జీవితమే సాక్ష్యము. హైదరాబాదు మందుల పరిశ్రమలోనైనను, ఆసుపత్రి ప్రయోగశాలలోనైనను శాస్త్రసేవ శాస్త్రసేవయే. బిడ్డతో కూర్చుండి, ఎన్నియేండ్లు వేచియుండగలమో, అటుపై ఏ మార్గము త్రొక్కవలెనో ముందే నిర్ణయించుకొనుడు. ఆ గడువు తీరువరకు "ఉద్యోగ మెప్పుడు?" అని మాత్రము అడుగకుడు.