పాఠశాలలో నెట్‌వర్కు నిఘా – ఎంతవరకు ధర్మము?

మా రాయచూరు జిల్లాలో బడులను నడుపు కమిటీలలో మన వర్తకులు కూర్చున్నప్పుడు, భవనము, బస్సులు, జీతముల తరువాత ఇప్పుడొక క్రొత్త ప్రస్తావన వచ్చుచున్నది. పిల్లలు ఇంటర్నెట్టులో ఎక్కడెక్కడికి పోవుచున్నారో కనిపెట్టు ఏర్పాటు పెట్టవలెనా అని. “ఖర్చెంత?” అని అడిగి ముగించుట మనకు అలవాటు. అంతకుముందు అడుగవలసినది మరియొకటి ఉన్నదని సోదరులకు నా మనవి.

ఈ నిఘా రెండు విధములు. మొదటిది, ఏ కంప్యూటరు ఏ వేళ ఏ చిరునామాకు పోయినది, ఎంత డేటా వాడినది, ఏ లైను తెగినది చూచుట. ఇది తపాలా బంట్రోతు కవరుమీది చిరునామా చదువుట వంటిది. నేటి వెబ్‌సైట్లు చాలవరకు లోపలి విషయమునకు తాళము వేసియే పంపును గనుక, సామాన్యముగా బడివారికి అంతకు మించి కనబడదు. రెండవది, పిల్లల కంప్యూటర్లలో బడివారు తమ సొంత సర్టిఫికెటు నొకదానిని ఎక్కించి, ఆ తాళము తీసి, ఉత్తరమునే చదువుట. అమ్మవచ్చిన కంపెనీవాడు రెంటిని ఒకే పేరుతో, ఒకే ధరలో కలిపి చూపవచ్చును. ధర్మము మాత్రము రెంటికి ఒకటి కాదు.

మొదటిది యజమాని విధి. గోదాముకు కావలివాడు ఉండడా? చెడ్డ సైట్లను అడ్డగింపక వదలివేయుట స్వేచ్ఛ కాదు, అశ్రద్ధ. నా సందేహమంతయు రెండవదానిని గూర్చియే. పదునాలుగేండ్ల పిల్ల తన శరీరములోని మార్పును గూర్చియో, ఇంటిలో ఎవరో పెట్టుచున్న బాధను గూర్చియో తల్లికి చెప్పలేక హాస్టలు కంప్యూటరులో వెదకును. ఎవరో చదువుచున్నారని తెలిసిననాడు అదియును మానును. “చదివినందువలననే ఆమెను కాపాడగలము గదా” అని ఒక మిత్రుడు నాతో వాదించెను. ఆ మాటలో బలమున్నది, కాదనను. కాని చదువునది ఎవరు? నెలజీతపు కంప్యూటరు టెక్నీషియను. ఆ పిల్ల కష్టము వినుటకు అతనిని మనము నియమించితిమా?

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు లోయర్ మెరియన్ బడివారు పిల్లలకు ల్యాప్‌టాపు లిచ్చి, పోయిన యంత్రములను వెదకుటకని వాని కెమెరాలను దూరమునుండి తెరచు ఏర్పాటు చేసిరి. పిల్లలకు గాని, తల్లిదండ్రులకు గాని చెప్పలేదు. 2010లో సంగతి బయటపడునప్పటికి యాభైవేలకు పైగా చిత్రములు చేరియుండెను. ఇండ్లలో ఉన్న పిల్లలవి కూడ. ఆ సంవత్సరమే 6,10,000 డాలర్లిచ్చి రాజీపడిరి.

మన దేశమున ఆంతరంగిక జీవనము ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము వేసిన జస్టిస్ పుట్టస్వామిగారు మన కర్ణాటకమువారే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్ల లోపువారి నడవడిని కనిపెట్టుటను నిషేధించినది. 2025 నాటి నియమములు చదువు కొరకు, క్షేమము కొరకు బడులకు మినహాయింపు నిచ్చినవి. మినహాయింపు ఉన్నంతమాత్రమున చేసినదెల్ల న్యాయమగునా?

మార్కెట్ యార్డులో ప్రత్తి తూచునప్పుడు రైతు కాటా ఎదుట నిలుచును. తూకము సరియైనదే అయినను చాటున తూచినచో అతడు నమ్మడు, నమ్మనక్కరలేదు కూడ. కావున యంత్రము కొనకముందే కమిటీ ఒక కాగితము వ్రాయవలెను: ఏమి చూతుము, ఏమి చూడము, లెక్క ఎన్ని దినములుంచి చెరిపివేయుదుము, ఎవరు తెరతురు. ముప్పది దినములు చాలునని నా ఉద్దేశము. తెరచునప్పుడు ప్రధానోపాధ్యాయునితోపాటు ఒక ఉపాధ్యాయిని కూడ ఉండవలెను. ఆ కాగితమును కన్నడము, తెలుగు, ఉర్దూ మూడింటిలో కంప్యూటరు గది తలుపుమీద అంటించి, స్విచ్చి వేయకముందే పిల్లలకు తరగతిలో చదివి వినిపించవలెను.